మాచిపత్రి అని నేనే చెప్పిన

నా థీసిస్ నాలుగో అధ్యాయంల ఒక పట్టిక ఉంటది. ఎడమ గడిల ఊరు, నడిమి గడిల ఆ ఊరోళ్లు వయ్యారిభామను ఏమని పిలుస్తరు, కుడి గడిల ఆ మాట ఎవలు చెప్పిండ్లు. మనుషుల పేర్లు రాయొద్దంటే నంబర్లు రాసిన. మా గైడు సారు చూసి, "ఇదొక్కటి మంచిగ చేసినవమ్మా" అన్నడు. ఆయన ఏది మెచ్చుకున్నా ‘ఒక్కటి’ అని ముందు తగిలిస్తడు. అప్పట్ల నాకు ఆ పట్టిక అంటే మస్తు గర్వం ఉండె. ఇప్పుడు పేజీలు తిప్పుకుంట పోతుంటే అది వచ్చే ముందే చెయ్యి ఆగుతది.

వయ్యారిభామను చూడనోళ్లు ఉండరు. పేరు తెల్వకున్నా చెట్టు తెలుస్తది. రోడ్డు పక్కన, బడి వెనుక, కూలిన ఇంటి జాగల, డోర్నకల్ పోతుంటే పట్టాల నడిమి కంకరల, ఎక్కడ జరంత మట్టి ఖాళీగుంటే అక్కడ నడుమెత్తు లేస్తది. ఆకు చీలికలు చీలికలుగ ఉంటది, పైన నూకలు చల్లినట్టు తెల్లపూలు. బర్రె ముట్టది. ఏం దొరకక ముట్టినా పాలు చేదైతయి. బయటి దేశాల్ల దీనికి రాగ్‌వీడ్ అని ఒక చుట్టం ఉన్నది. ఆ చెట్టు పుప్పొడి లేస్తే ఊర్లకు ఊర్లు తుమ్ముతయని పేపర్లల్ల చదివిన. దాని మీద అక్కడ ఎంత పరిశోధన చేస్తరో చూసి, మనకాడ ఇంతున్నది, మనమేం చేస్తానం అని నాకు రోషం వచ్చింది. గా రోషంతోనే పీహెచ్‌డీల చేరిన.

పనేందంటే, మీటరు పొడుగు మీటరు వెడల్పు ఇనుప చట్రం ఒకటి మోసుకపోయి చేనుల ఏసుడు, అండ్ల ఎన్ని చెట్లున్నయో లెక్కవెట్టుడు, రాసుకొని లేసుడు, ఇంకో కాడ ఏసుడు. ఒక చెట్టుకున్న గింజలు లెక్కవెట్టనీకి నాకు రెండు దినాలు పట్టేది. హన్మకొండ బయట రోడ్డు పక్కన ఒంగి కూసుంటే పోయేటోళ్లు ఆగి, "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, దేవులాడుతానవ్" అని అడిగేటోళ్లు. మొదట్ల ఓపికగ చెప్పిన. తర్వాత తర్వాత "చెవికమ్మ" అనేదాన్ని. ఇద్దరు ముగ్గురు నిజమనుకొని నాతోని కలిసి దేవులాడిండ్లు కూడ.

మా అక్క నాకంటే పదేండ్లు పెద్దది. పాలంపేట తొవ్వలున్న మా ఊళ్ళెనే మేనబావను చేసుకొని అక్కడనే ఉన్నది. కలుపు తీసే ఆడోళ్ల ముఠాకు పెద్ద. పదకొండు మంది. ఎవల చేనుకు ఎన్నడు పోవాలె, ఎవలు ఏ సాలు పట్టాలె, ఎవలకు నడుం నొస్తాంది, ఎవలకు ఇంట్ల లొల్లి అయితాంది, అన్నీ ఆమెకు తెల్వాలె. పొద్దు పొడిచే యాళ్లకు వాడకట్టుల ఆమె గొంతు ఇనవడితే ఆడోళ్లందరు సద్దులు కట్టుకునేటోళ్లు. నేను చదివే చదువు సంగతి తెలిసిన నాడు నవ్వీ నవ్వీ కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. "మేం పీకి పారేసేదాన్ని నువ్వు లెక్కవెట్టనీకి యూనివర్సిటీ దాక పోయినవా? నన్నడిగితే ఇక్కడ్నే చెప్పకపోదునా" అన్నది. అన్నదే గాని, సర్వే కోసం ఊర్లు తిరిగే దినాలల్ల నన్ను ఎంటవెట్టుకొని చేన్లు చూపెట్టింది, ముసలోళ్లతోని మాట్లాడిచ్చింది, నా చట్రం నెత్తిన ఎత్తుకొని నడిచింది.

రెండో ఏడు నాకు ఒక చేను కావాల్సి వచ్చింది. చెట్టును పూర్తిగ పీకేస్తే మట్టిల ఉన్న గింజ మల్ల ఎన్నిసార్లు మొలుస్తదో చూసే పని. ఊరి బయట దున్నక ఇడిచిపెట్టిన పడావు చేను ఒకటి దొరికింది, నిండ వయ్యారిభామనే. పీకనీకి అక్క ముఠానే పిలిచిన. చిన్నగున్నప్పుడే పీకొచ్చు. వద్దని ఆపింది నేనే. పూత మీదున్న చెట్టు ఎంత బరువుంటదో నాకు లెక్క కావాలె. అట్ల పూతకొచ్చే దాక ఆగి, ఇప్పుడు పీకుండ్లి అన్న.

గ్లౌజులు తెచ్చిన. తేలేదని ఎవలూ అనలేరు. పదకొండు జతలు తెచ్చిన, మాస్కులు తెచ్చిన. అర్ధగంట తొడుక్కున్నరు. "చేతులు ఉడికిపోతానయి" అని ఒకామె ఇప్పింది, "చెట్టు చేతికి చిక్కుత లేదు" అని ఇంకొకామె ఇప్పింది. అక్క గ్లౌజు గుంజి గట్టు మీద పడేసి, "గడ్డి పీకనీకి తొడుగులేందే, ఆపరేషన్ చేస్తానమా" అన్నది. అందరు నవ్విండ్లు, నేనూ నవ్విన. నా చేతులకు మాత్రం గ్లౌజులున్నయి. మొఖానికి మాస్కున్నది, మోచేతుల దాక అంగీ ఉన్నది. కాయిదం పట్టుకొని గట్టు మీద నిలబడ్డ. మూడు దినాలు వాళ్లు ఒట్టి చేతులతోని పీకిండ్లు. పట్టిన చేతితోనే చెమట తుడుచుకున్నరు, ఆ చేతితోనే కండ్లు నలుపుకున్నరు. పుప్పొడి పిండి లెక్క లేస్తాంది. అది ఒంటికి ఏం చేస్తదో నేను చదివిన, నోట్సు రాసుకున్న, సెమినార్ల నిలబడి చెప్పిన. అయినా తొడుక్కోవాల్సిందే అని ఒక్కసారి గట్టిగ చెప్పలే.

పీకిన పదిహేను దినాలకు అక్క ఫోన్ చేసింది. ఆ యాళ నేను కంప్యూటర్ల అంకెలు ఎక్కిస్తాన్న. ఫోన్ చెవికి భుజానికి నడుమ ఇరికించుకున్న. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుంట యాదికున్నయి.

"మెడ మండుతాందే. కనురెప్పలు ఒకటే దురద. మెడికల్ షాపుల గొట్టం మందు తెచ్చిన, ఏం గుణం లేదు."

"మాచిపత్రి నూరి, జరంత పసుపు కలిపి పెట్టుకోరాదక్కా. నాయినమ్మ పెట్టేది గద" అన్న.

"పచ్చిదేనా?"

"పచ్చిదే. ఎంత పచ్చిదైతే అంత మంచిది."

"అట్లనా. అది ఇంటెనుక మస్తున్నది" అని, నవ్వుకుంట, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటరు, పని చేస్తదంటవా మరి" అన్నది.

"గవన్నీ ఉత్త మాటలు. పెట్టుకో" అని ఫోన్ పెట్టేసిన.

నేనన్నది వినాయకచవితికి పత్రిల కలిపి కట్టలు కట్టి అమ్మే మాచిపత్రి. కమ్మటి వాసనుంటది, గుళ్ళె పెడతరు, మా నాయినమ్మ గజ్జికి నూరి పెట్టేది. అది మా అక్క ఇంటెనుక ఎట్లుంటది? బజార్ల కొనుక్కొచ్చే ఆకు పెరట్ల మస్తుగ ఎందుకుంటది? ఆ ఒక్క ముక్క నా చెవుల వడ్డది. వడ్డా అంకెలు ఎక్కిచ్చుకుంటనే ఉన్న.

వారం దాటినంక బావ ఫోన్ చేసిండు. బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "జర రా మరదలా. మీ అక్క మొఖం నువ్వు గుర్తు పట్టవు" అన్నడు. ఉన్నదాన్ని ఉన్నట్టు లేచి బస్సెక్కిన.

ఆయన అన్నది నిజమే. కండ్లు రెండు గీతలైనయి. చెంపలు, మెడ, చెవుల ఎనుక అంత నల్లగ ఉబ్బి పగుళ్లిచ్చింది, పగుళ్లల్లకెళ్లి నీళ్లు కారుతానయి. ఆ నీళ్ల మీద పచ్చటి ముద్ద ఎండి అట్టగట్టింది. అక్క నన్ను గొంతును బట్టే గుర్తు పట్టింది. "ఒచ్చినవానే, బువ్వ తిన్నవా" అన్నది. పక్కకే రోలు ఉన్నది, రోట్ల అప్పుడే నూరిన ముద్ద. వాసన నా ముక్కుకు తగిలింది. అది ఏం వాసనో నాకు చెప్పాల్నా? రెండేండ్ల సంది నా బట్టలకు, నా సంచికి, నా పుస్తకాలకు ఉన్న వాసననే. ముద్దల ఇంకా నలగని తెల్లపూలు రెండున్నయి.

కోపం నెత్తికెక్కింది. రోలు బోర్లేసిన. "ఎవలు చెప్పిండ్లక్కా నీకు ఇది రాసుకొమ్మని? ఏ మతిలేనోళ్లు చెప్పిండ్లు? ఇది మనిషన్నోడు రాసుకునేదేనా?" అని ఇల్లు లేచిపోయేటట్టు ఒర్లిన.

అక్క ఆ గీతల్లకెళ్లే నన్ను చూడనీకి మొఖం ఎత్తింది. "నువ్వే గదనే" అన్నది.

అప్పుడు సమజైంది. కొన్ని ఊర్లల్ల దీన్ని పిచ్చి మాచిపత్రి అంటరు, ఆకు జరంత అట్లనే ఉంటది గనుక. మా ఊళ్ళె ‘పిచ్చి’ ఎన్నడో రాలిపోయింది, ఉత్త మాచిపత్రి అంటరు. ఈ సంగతి నాకు తెల్వదని అననీకి లేదు. నా పట్టికల మా ఊరి ఎదురుంగ నా చేతితోనే రాసిన. చదవేస్తే ఉన్న మతి పోయిందంటరు. ఆ సామెత ఎవలో మందిని ఎక్కిరియ్యనీకి పుట్టిందనుకునేదాన్ని.

వరంగల్ల చర్మం దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు అక్క వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికిచ్చి, రెండు దినాలు తడపొద్దన్నడు. ఒక్కో పట్టీ కింద ఒక్కో సరుకు పెట్టిండంట. రెండు దినాలకు ఇప్పి చూస్తే ఒక్క పట్టీ కింద కాలినట్టు బొబ్బ లేచింది. అది ఏ సరుకో ఆయన చెప్పకముందే నాకు తెలుసు.

"ఒంటికి ఒకసారి పడలేదంటే ఇక మరిచిపోదమ్మా. గాలిలో ఆ పొడి ఉన్నా చాలు, ఎండ తగిలితే ఇంకా ఎక్కువవుతుంది" అన్నడు. నేను జరిగిందంతా చెప్పిన. దాచలేదు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు. "అసలు మాచిపత్రి పెట్టినా అదే కుటుంబం కదా, అదీ పడకపోవచ్చు. మీకు తెలిసే ఉంటుంది" అన్నడు. తెలుసు. రెండూ చామంతి ఖాందానే. డిగ్రీల ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చినయి.

మందులు రాసిచ్చి, "ముఖ్యంగా ఆ మొక్కకు దూరంగా ఉండాలి" అన్నడు.

అక్క కొంగు సదురుకొని మర్యాదగ అడిగింది: "ఆ చెట్టు లేని ఊరు ఏదో జర చెప్పుండ్లి సారూ, పోయి ఉంట."

డాక్టరు నా దిక్కు చూసిండు.

నాలుగు దినాలు నా సర్వే కాయిదాలన్నీ గదిల పరిచి కూసున్న. చట్రం ఏసిన ప్రతి జాగకు ఒక చుక్క పెట్టిన మ్యాపు అది. చెట్టు ఉంటే ఎర్ర చుక్క, లేకుంటే తెల్ల చుక్క. థీసిస్ కోసం గీస్తున్నప్పుడు ఎర్ర చుక్కలు ఎన్ని ఎక్కువుంటే అంత సంబురమయ్యేది. ఇప్పుడు ఒక్క తెల్ల చుక్క కోసం వేలు పెట్టి దేవులాడిన. ఏటూరునాగారం దిక్కు, అడివి అంచుల కొన్ని దొరికినయి. బావ చెల్లె అక్కడనే ఉంటది. "పోదాం పా అక్కా" అన్న. ముఠా పని ఇంకొకామెకు అప్పజెప్పి, రెండు చీరెలు సంచిల పెట్టుకొని వచ్చింది.

నెల దినాలల్ల మొఖం దిగింది. కండ్లు మల్ల కండ్లయినయి. పొద్దుగాల వాకిట్ల కూసొని చాయ్ తాగుకుంట నాకు వీడియో కాల్ చేసి, "చూడు, నీకంటే తెల్లగైన" అన్నది. నాకు పానం లేచొచ్చింది. ఇట్లనే రెండేండ్లుంటే, మూడేండ్లుంటే అని లెక్కలు ఏసుకున్న. లెక్కలేసుడు తప్ప నాకు ఇంకేం ఒస్తది?

వానలు పడ్డయి. ఆ ఇంటి ముంగట అంతకుముందే రోడ్డు ఎడల్పు చేసిండ్లు. లారీలల్ల ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పోసిండ్లు. ఒకనాడు అక్క ఫోన్ చేసి, "నీ చుట్టం ఒచ్చింది" అన్నది. ఎవలక్కా అన్న. ఫొటో పంపింది. కొత్త మట్టి మీద నాలుగాకులు నేలకు అతుక్కొని గుండ్రంగ పరుచుకున్నయి. పక్కకు ఇంకొకటి. దాని పక్కకు ఇంకొన్ని. నేను పోయే లోపటనే అక్క ఊరికి తిరిగొచ్చింది. "ఎక్కడికి పోయినా అదే అయితే, నా ఇంట్లనన్న ఉంట" అన్నది.

దాన్ని తినే పురుగులున్నయని ఎన్నడో అక్కకు చెప్పిన. చిన్నయి, రెక్కల మీద చారలుంటయి, ఆ ఆకు తప్ప ఇంకేం తినయి. "మరి తెచ్చి ఇడువరాదే" అన్నది. తెచ్చిన. డబ్బాలల్ల పెంచి, వానకాలంల అక్క ఇంటి చుట్టు ఇడిచిన. అవి పాపం తిన్నయి. ఆకులన్నీ జల్లెడ చేసినయి. అక్క కిటికీల నుంచి చూసి, "మంచి పిల్లలే నీ పురుగులు" అన్నది. వానలు బందుకాంగనే అవి మట్టిలకు పోయి పండుకున్నయి. అది వాటి ధర్మం. చెట్టు పండుకోలే. మోళ్లకే మల్ల చిగుర్లేసి, నెల దినాలల్ల పూతకొచ్చింది. బావ ఇంటి చుట్టు పీకుతడు, చేతికి కవర్లు కట్టుకొని పీకుతడు. ఇంటి చుట్టు పీకితే ఊరు చుట్టు ఉంటది. నా పడావు చేనుల కూడ అంతే. పదకొండు మంది మూడు దినాలు పీకిన చేను, మొదటి వానకే మల్ల నిండింది. ఆ సంగతి థీసిస్‌ల గ్రాఫుతోని సహా ఉన్నది.

ఇప్పుడు అక్క పగటిపూట బయటికి రాదు. తలుపులు దగ్గరికేసి, కిటికీకి తడి బట్ట కట్టుకొని ఉంటది. మెడ మీద తోలు దొడ్డుగై గీతలు పడ్డది. "బర్రె తోలైంది, ఇగ ఈగలు వాలినా తెల్వదు" అంటది. ఈగలు వాలినా తెల్వకుంటే మంచిదే, గాలి వాలినా తెలుస్తాంది ఆమెకు. పొద్దుగాల ముఠా ఆడోళ్లు పోతుంటే తలుపెనుక నిలబడి ఎవలెవలు పోతాండ్లో గొంతులను బట్టి లెక్కవెట్టుకుంటది. ఒకనాడు నేనున్నప్పుడే, "ఎనిమిది మందే పోతాండ్లు ఇయ్యాల" అన్నది. ఏడ్సుడు నాకు చాతనైతది గాని, ఆమె ముంగట ఏడ్సే హక్కు నాకు లేదనిపిస్తది. ఆమె నన్ను ఒక్క మాట అనదు. అన్నా భరిస్తుంటి.

మొన్న నా థీసిస్ వైవా అయింది. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దసారు గ్రాఫులు తిప్పేసి, తిన్నగ ఆ పట్టిక కాడ ఆగిండు. మా ఊరి గడి మీద వేలు పెట్టిండు. "ఇది చాలా విలువైన సమాచారం. పేరులోనే ప్రమాదం ఉంది, రెండు మొక్కలకు ఒకటే పేరు. ఎవరో తెలివైన మనిషే చెప్పి ఉంటారు. ఈ పదిహేడో నంబరు ఎవరు?" అని అడిగిండు.

పదిహేడో నంబరు మా అక్క. ఆ దినం నా చట్రం నెత్తిన పెట్టుకొని నడుసుకుంట, "మేమైతే దీన్ని మాచిపత్రి అంటం, రాసుకో" అన్నది. రాసుకున్న.

"కలుపు కూలికి పోయే ఆమె సార్" అని చెప్పిన. అందరు సంతకాలు పెట్టిండ్లు, చప్పట్లు కొట్టిండ్లు.

బయటికొచ్చి అక్కకు ఫోన్ చేసిన. మిట్టమధ్యాహ్నం, అవతల తలుపులు మూసుకున్న ఇంట్ల ఫ్యాను చప్పుడు ఇనవడుతాంది.

"పాసైనవానే?"

"అయిన."

"ఏం అడిగిండ్లు?"

"చెట్టు పేర్ల గురించి అడిగిండ్లు. మనూరి పేరు మంచిగున్నదన్నరు."

"నేను చెప్పిందేనా?"

"నువ్వు చెప్పిందే అక్కా."

"చూసినవా మరి, నన్నడిగితే చెప్పకపోదునా అని అప్పుడే అన్న" అన్నది. నిజంగనే సంబురపడ్డది. గొంతు తగ్గించి, "డాక్టరమ్మవైనవ్ గద ఇగ. ఈ మెడకు ఏమన్న చెప్పరాదే, రాత్రి నిద్ర పడ్తలేదు. నువ్వు ఏది చెప్తే అది పెట్టుకుంట" అన్నది.

ఫోన్ చెవికాడనే పెట్టుకొని నిలబడ్డ. అక్క అటు ఇంకా ఇనుకుంటనే ఉన్నది.